బస్సులో థాయ్ పాట, గాల్లో సేఫ్టీ సార్

"ఏవండీ, బస్సు ఆపండి. వెనకాల ఎవరికో కడుపునొప్పి వచ్చినట్టుంది."

ఇంజను ఇంకా స్టార్టే కాలేదు, ఆపడానికేముంది? గజేందర్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకునే తల తిప్పి చూశాడు. మెట్ల మీద ఒక అమ్మాయి నిలబడి ఉంది. నెత్తిన తెల్ల హెల్మెట్, ఒక చేతిలో ట్యాబ్, ఇంకో చేతిలో ఫస్ట్ ఎయిడ్ డబ్బా. కొత్త టైమ్‌కీపర్ వస్తోందని క్యాంపులో అందరూ చెప్పుకున్నారు గానీ, ఇంత బాగుంటుందని ఒక్కడూ చెప్పలేదు. చెప్పి ఉంటే గజేందర్ ఆ పూట గడ్డం గీసుకునేవాడు.

"ఎవలికేం నొప్పి లేదు మేడమ్. అది పాట," అన్నాడు.

"ఇదా?"

స్పీకర్లో ఒకావిడ ఊపిరి తీసుకోకుండా రాగం లాగుతోంది. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో క్యాంపు గేటు దగ్గర అందుకుందంటే రౌండెబౌట్ దాటేదాకా వదిలిపెట్టే రాగం కాదది.

"థాయ్‌లాండ్ పాట మేడమ్. మోర్ లామ్ అంటరు. ఇంకా మొదలే కాలే. గిది గొంతు సవరించుకునుడు."

"సవరించుకోవడానికే ఇంతసేపా? మా చర్చిలో అయితే ఈపాటికి రెండు పాటలూ ఒక ప్రార్థనా అయిపోయేవండి."

"జెర ఆగుండ్రి మేడమ్, ఇప్పుడు వెదురు బూర వస్తది," అని వెనక సీట్లోంచి నర్సింలు బతిమాలాడు. నర్సింలు సైట్లో క్రేన్ కింద నిలబడి చేతులతో సిగ్నల్ ఇచ్చేవాడు. గజేందర్‌ది, అతనిది పక్కపక్క ఊళ్ళు, కోరుట్ల అవతల.

వచ్చింది. వెదురు గొట్టాల బూర ఒక్కసారిగా అందుకుంది, దాని వెనకే డోలు. అంతే, బస్సులో ఉన్న జగిత్యాల, నిజామాబాద్ మేస్త్రీలు, కడ్డీలు కట్టేవాళ్ళు, సెంట్రింగువాళ్ళు అందరూ చేతులు పైకెత్తి మణికట్లు తిప్పడం మొదలుపెట్టారు. చూపుడువేలు పైకి, మణికట్టు గుండ్రంగా, ముఖాల్లో మహా శ్రద్ధ. ఆ అమ్మాయి హాజరు వేసుకోవడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది.

పాడే ఆవిడ ఒకచోట ఆగింది. "ఆఁ... గట్లనా," అన్నాడు గజేందర్, గేరు మారుస్తూ. ఆవిడ మళ్ళీ అందుకుంది.

"మీరు ఆవిడతో మాట్లాడుతున్నారా?"

"వంత మేడమ్. మా మామ ఒగ్గుకథ చెప్తడు. చిన్నప్పటిసంది ఆయనెనక వంత నేనే. కథ చెప్పెటోడు ఆగిన కాడ ఆఁ అనాలె. అనకపోతే కథ ముందుకు నడువది."

"మీకు థాయ్ భాష వచ్చా?"

"ఒక్క ముక్క రాదు."

"మరి?"

"ఆమె ఆగినప్పుడు ఎవలన్న ఒకలు ఆఁ అనాలె గద మేడమ్. లేకుంటే పాపం ఎవలకని చెప్పుకుంటది?"

ఆ అమ్మాయి ఫస్ట్ ఎయిడ్ డబ్బా ముందు సీటు కింద పెట్టి, ఆ సీట్లోనే కూర్చుంది. ఆడవాళ్ళకి వేరే కారుంది, అది రోజూ ఆలస్యంగా వస్తుంది. ఆ రోజు నుంచి అది ఎంత తొందరగా వచ్చినా ఆమెకి మాత్రం ఆలస్యమే అయ్యేది. ఆమె పేరు జాయ్స్. ఊరు పాలకొల్లు.

ఇంతకీ ఆ పాటలు ఆ బస్సులోకి ఎలా వచ్చాయో చెప్పాలి. ఫుట్‌బాల్ వరల్డ్ కప్పుకి ఇంకా మూడేళ్ళుంది. స్టేడియం పైకప్పు ఇనుము బిగించడానికి కంపెనీ థాయ్‌లాండ్ నుంచి మనుషుల్ని దింపింది. వాళ్ళు ఈ బస్సులోనే వచ్చేవాళ్ళు. పని అయిపోయి వాళ్ళంతా వెళ్ళిపోతే, క్రేన్ నడిపే ప్రసిత్ ఒక్కడూ మిగిలాడు. ప్రసిత్ ఒకరోజు ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి గజేందర్ చేతిలో పెట్టి, "మై విలేజ్. రైస్ ఫీల్డ్. బఫెలో," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. వరి పొలం, బర్రె అన్నాక మనవాళ్ళకి ఇంకేం చెప్పాలి? ఒక్క వారం విన్నారు, రెండోవారం అది లేకపోతే బస్సే ఎక్కం అన్నారు.

ఆ జబ్బు బస్సుతో ఆగితే బాగుండేది. క్యాంపులో బతుకమ్మనాడు మగవాళ్ళంతా వాటర్ కూలర్ చుట్టూ చేరి ఆ పాటకే చప్పట్లు కొడుతూ తిరిగారు. నర్సింలు దాన్ని ఫోన్లో భార్య గంగామణికి పంపాడు. నెల తిరక్కుండా వాళ్ళ ఊళ్ళో పెళ్ళి బరాత్‌లో డీజేవాడు అదే వేశాడు. "ఆ దుబాయ్ పాట మంచిగున్నది, ఇంకోటుంటే పంపు," అంది గంగామణి. ఖతార్‌లో వినే థాయ్ పాట కోరుట్లలో దుబాయ్ పాట అయింది. నమ్మకపోతే ఆ డీజేని అడగండి.

జాయ్స్ ముందు సీట్లో కూర్చుని మాట్లాడేది. చర్చిలో కీబోర్డు వాయిస్తుందట. ఈ వెదురు బూర స్వరాలు కీబోర్డు మీద పట్టుకోబోతే వేళ్ళు మెలితిరిగిపోతున్నాయట. దోహాలో గోంగూర దొరుకుతుంది గానీ పాలకొల్లు గోంగూర పులుపు రావట్లేదట. గజేందర్ రోడ్డు మీద చూపు తీయకుండా, "ఆఁ," "గట్లనా," "అటెన్క?" అనేవాడు. ఏ మాట దగ్గర ఏది అనాలో అంత సరిగ్గా అనేవాడు ఆమెకి ఇంతవరకూ తగల్లేదు.

"మా ఇంట్లో వినేవాళ్ళే లేరండి," అంది ఒకరోజు. "మా డాడీ మాట్లాడతారు, మేం వింటున్నట్టు నటిస్తాం. అమ్మ అయితే ఊళ్ళో ఫోను స్పీకర్లో పెట్టేసి చారు పోపు వేసుకుంటుంది."

"మీ డాడీ ఏం జేస్తరు మేడమ్?"

"సేఫ్టీ ఆఫీసర్. నిత్యానందం గారు."

గజేందర్ కాలు బ్రేకు మీద పడింది. వెనక అందరూ ముందుకొచ్చి పడ్డారు.

నిత్యానందం గారంటే సైట్లో తెలియనివాళ్ళు లేరు. రోజూ పొద్దున్నే అందర్నీ ఎండలో నిలబెట్టి జాగ్రత్తల గురించి ఉపన్యాసం ఇస్తాడు. ఆయన మాట్లాడుతుంటే బంగ్లాదేశ్‌వాళ్ళు కళ్ళు తెరిచి నిద్రపోవడం నేర్చుకున్నారు.

ఆయనకి పాట సంగతి తెలియకుండా ఎన్నాళ్ళుంటుంది? ఒక పొద్దున చెకింగ్ అని బస్సెక్కాడు. సరిగ్గా వెదురు బూర అందుకున్న క్షణం. చేతులన్నీ పైన తిరుగుతున్నాయి.

"ఆపండి. ఏంటయ్యా ఇది? ఈ వేలు పైకెత్తి ఇలా తిప్పితే అర్థం ఏంటో తెలుసా? క్రేనువాడికి, లోడు పైకెత్తమని. అరచెయ్యి కిందికి పెట్టి ఇలా ఊపితే ఆపమని. హ్యాండ్ సిగ్నల్స్‌తో ఆటలా మీకు? నర్సింలూ, నువ్వు సిగ్నల్ మ్యాన్‌వి, నువ్వూనా?"

"పాట పోతాంది సార్, చెయ్యి అదే తిరుగుతాంది," అన్నాడు నర్సింలు నిజాయితీగా.

నిత్యానందం గారు ఇంకో గంట మాట్లాడేవాడే గానీ, అంతలో ముందు సీట్లో తిరుగుతున్న ఇంకో మణికట్టు ఆయన కంటబడింది. దానికి ఉన్న వాచీ తను కొనిచ్చిందే. జాయ్స్ చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన అద్దంలో గజేందర్‌ని చూశాడు, కూతుర్ని చూశాడు, మళ్ళీ గజేందర్‌ని చూశాడు. మారుమాట లేకుండా దిగిపోయాడు. మాట్లాడకుండా దిగిపోయాడంటే సంగతి ఎంత దూరం వెళ్ళిందో మీరే ఊహించుకోండి.

సాయంత్రానికి ఆర్డరొచ్చింది. శనివారం నుంచి గజేందర్ డ్యూటీ మదీనత్ అల్ షమాల్‌లో. దేశానికి ఆ కొస. క్యాంపు అక్కడే, తిండి అక్కడే, పడక అక్కడే.

బుధవారం జాయ్స్ ట్యాబ్ మూసి సూటిగా అడిగింది. "శనివారం నుంచి మీరుండరు. నాతో ఏమైనా చెప్పాలా?"

"మీరు చెప్పుండ్రి మేడమ్."

"ఇన్నాళ్ళూ నేనే చెప్పానండి. మా గోంగూర సంగతి కూడా చెప్పేశాను. ఈసారి మీరు మొదలెట్టండి, నేను ఆఁ అంటాను."

గజేందర్ నోరు తెరిచాడు. లోపల మాటలు లేవా అంటే, బోలెడున్నాయి. కానీ పుట్టినప్పటినుంచి ఇంకొకరు మొదలుపెట్టిన మాటకి తోడు పలకడమే గానీ, తనంతట తను ఒక్క మాట మొదలుపెట్టిన పాపాన పోలేదు. మామ ముందు, ఇతను వెనక. ఎవరూ ముందు లేకపోతే గొంతు లేవదు.

"ఏసీ... ఎక్కువైందా మేడమ్?" అన్నాడు.

జాయ్స్ లేచి నిలబడింది. "రేపు డ్యూటీ దిగేదాకా టైముంది," అని, ఆ రోజు మాత్రం కారెక్కి వెళ్ళిపోయింది. గజేందర్ ఆ రాత్రి నిద్రపోలేదు. షమాల్‌లో బస్సూ ఉంటుంది, పాటా ఉంటుంది, ఆ ముందు సీటు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ సీటు తలుచుకుంటే అతనికి ఏడుపొచ్చింది.

గురువారం మధ్యాహ్నం వాన పడింది.

దోహాలో వాన పడడమంటే పండగ. అందులోనూ మనవాళ్ళకి. మొదటి చినుకు పడగానే సెంట్రింగువాళ్ళు హెల్మెట్లు తీసి ముఖాలు పైకెత్తారు. ఇసుక వాసన ఊళ్ళో మట్టి వాసనలా ఉండదు గానీ, ఆ పూటకి అదే చాలు. గజేందర్ బస్సుని సైట్లో టాయిలెట్ల పక్కన ఆపి ఉంచాడు. మనసు బాగాలేక పాట పెట్టుకున్నాడు, తలుపులు తెరిచే ఉన్నాయి.

ఆ టాయిలెట్లు నీలం రంగు ప్లాస్టిక్ గదులు. పైన కొక్కేలుంటాయి, ఎటు కావాలంటే అటు క్రేన్‌తో ఎత్తి పెట్టుకోవచ్చు. ఆ రోజు చివరి గదిని గేటు వైపు మార్చాలని కొక్కేలకి గొలుసు తగిలించి ఉంచారు. వాన తగ్గాక ఎత్తుదామని నర్సింలు కింద నిలబడ్డాడు. పైన క్రేన్ క్యాబిన్లో ప్రసిత్ అతని చేతుల వైపే చూస్తూ కూర్చున్నాడు.

వాన జోరందుకుంది. బస్సులో వెదురు బూర అందుకుంది. పైన వాన, కింద బర్రెల పాట. నర్సింలు వేలు పైకి లేచింది, మణికట్టు తిరిగింది. ఎత్తమన్నారు కాబోలని ప్రసిత్ ఎత్తాడు. నర్సింలు అరచెయ్యి కిందికి తిప్పి అలలా ఊపాడు. ప్రసిత్ ఆపాడు. మళ్ళీ వేలు, మళ్ళీ పైకి. వానకి కళ్ళు మూసుకుని నర్సింలు రెండు చరణాలు ఆడేసరికి, నీలం గది మూడంతస్తుల ఎత్తున వేలాడుతోంది.

అప్పుడు ప్రతి వాకీటాకీలోనూ ఒక గొంతు వినబడింది.

"ఎవరయ్యా ఇది కదిపేది? లోపల మనిషున్నాడు."

నిత్యానందం గారు. వాన తప్పించుకోవడానికి దగ్గర్లో ఉన్న గదిలోకి దూరాడు పాపం.

నర్సింలు కళ్ళు తెరిచాడు. చేతులు రెండూ తల మీద పెట్టుకున్నాడు. అది ఏ సిగ్నలో ప్రసిత్‌కి తెలియక ఎక్కడిదక్కడ ఆపేశాడు. సైటంతా పరుగెత్తుకొచ్చింది. దించమని అందరూ అరిచారు.

"ఎవరూ దించకూడదు," అంది వాకీటాకీ. "అనుకోకుండా లోడు లేచినప్పుడు, కింద నేల సేఫ్టీ ఆఫీసర్ కళ్ళారా చూసి క్లియరెన్స్ ఇచ్చాకే దించాలి. ఆ రూలు పెట్టించింది నేనే."

"సేఫ్టీ ఆఫీసర్ మీరే గద సార్," అన్నాడు నర్సింలు.

"అవును."

"అయితే తలుపు తీసి చూడుండ్రి."

తలుపు ఒక బెత్తెడు తెరుచుకుంది. వెంటనే మూసుకుంది. "చూశాను. నాకు కళ్ళు తిరుగుతున్నాయి. కాబట్టి చూడలేదు," అంది వాకీటాకీ, ఈసారి సన్నగా. ఆ తర్వాత చప్పుడు లేదు. గాలికి గది మెల్లగా ఊగుతోంది. నిత్యానందం గారు మాట్లాడడం మానేశాడంటే అది నిజంగా ప్రమాదమే. జాయ్స్ వానలో పరుగెత్తుకొచ్చి బస్సు మెట్ల దగ్గర ఆగింది.

గజేందర్ పాట ఆపి, బస్సులో ఉన్న వాకీటాకీ అందుకున్నాడు.

"సార్, నేను డ్రైవర్ గజేందర్‌ను."

"నిన్ను షమాల్ పంపేశాను కదయ్యా."

"శనివారం నుంచి సార్. ఇయ్యాల ఈడనే ఉన్న. మీరు గమ్మున ఉండొద్దు సార్, ఏదన్న మాట్లాడుండ్రి. నేను ఆఁ అంట."

కొంచెంసేపు గురగుర. తర్వాత సన్నగా మొదలైంది. "ఎత్తులో పనిచేసేటప్పుడు... మొట్టమొదటి సూత్రం..."

"ఆఁ."

"బెల్టు కట్టుకోవాలి."

"కట్టుకోవాలె. ఇప్పుడు కట్టుకున్నరా సార్?"

"లేదయ్యా. టాయిలెట్లో ఎవరు కట్టుకుంటారు?"

"గదీ నిజమే. అటెన్క?"

అటెన్క చాలా వచ్చింది. నిత్యానందం గారు ఆకాశంలోంచి ఉపన్యాసం ఇచ్చాడు. ఛానల్ అందరిదీ కాబట్టి సైటంతా విన్నది, మొట్టమొదటిసారి ఒక్కడు కూడా నిద్రపోకుండా. గొంతు నిలదొక్కుకున్నాక సేఫ్టీ దాటి జీవితంలోకి వెళ్ళాడు. జాయ్స్ పాకే వయసులో గల్ఫ్ వచ్చాడట. భార్య దీనమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే వెనకాల పోపు చిటపటలు వినిపిస్తాయట. పొద్దున్నే తను చెప్పేది ఎవరూ వినరని తనకి తెలుసట. "అయినా చెప్తానయ్యా. చెప్పకపోతే, ఎవడైనా పడిపోతే, నేను ఆ రోజు చెప్పలేదే అనిపిస్తుంది కదా."

"ఆఁ," అన్నాడు గజేందర్. "అనిపిస్తది సార్."

"అంతే. అయిపోయింది. నా దగ్గర ఇంకేం లేదు." వాకీటాకీ వణికింది. "గాలి ఎక్కువైందయ్యా. నువ్వు మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడు."

గజేందర్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. కింద నిలబడ్డవాళ్ళంతా అతని నోరు వైపు చూస్తున్నారు. జాయ్స్ తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, గట్టిగా కాదు గానీ అతనికి వినబడేలా అంది. "మొదలెట్టండి."

"సార్," అన్నాడు గజేందర్. "నేను ఎన్నడు నా అంతట నేను మాట షురూ చెయ్యలే. మా మామ చెప్తె ఆఁ అన్న. పాటామె పాడితె ఆఁ అన్న. మీ బిడ్డ ముందు సీట్ల కూసోని చెప్తాంటె గదే అన్న. కని నాకు గూడ ఒక మాటున్నది సార్. ఆమె దిగిపోయినంక బస్సు నడుపబుద్ధి కాదు. షమాల్ దూరమని కాదు, ఆడ ఆమె మాట ఇనబడది. నాకు మీ జాయ్స్ అంటే పాణం సార్. పెండ్లి చేసుకుంట. చర్చికి రమ్మంటె వచ్చి, మీరు ఎంతసేపు చెప్పినా కూసోని ఇంట. గిదే నా మాట."

బటన్ మీంచి వేలు తీశాడు. సైటంతా తలెత్తి నీలం గది వైపు చూసింది.

అప్పుడు వాకీటాకీలో ఆడగొంతు. మెట్ల దగ్గర నిలబడ్డ జాయ్స్ తన సెట్టు నోటి దగ్గర పెట్టుకుని అంది. "ఆఁ... తర్వాత?"

గజేందర్ ఏడ్చేశాడు. వాన కాబట్టి ఎవరికీ తెలియలేదని అతను ఇప్పటికీ అనుకుంటాడు.

"జాయ్స్," అంది పైనుంచి గొంతు. "ఛానల్ మీద పర్సనల్ మాటలు మాట్లాడకూడదు."

"మీరు ఇందాకట్నుంచి అమ్మ పోపు గురించి చెప్తున్నారు కదా డాడీ."

వాకీటాకీ రెండుసార్లు గురగురమంది. తర్వాత, "అబ్బాయ్. కింద నేల చదునుగా ఉందా?"

"ఉన్నది సార్. నేను దిగి నిలబడి చూస్తాన్న. మనుషుల్ని అవతలికి జరిపిన."

"నా కళ్ళతో నేను చూడలేదు. నీ మాట మీద దిగాలి."

"దిగుండ్రి సార్. నా మాట పక్కా."

"ఆయ్, అయితే క్లియరెన్స్ ఇస్తున్నాను," అన్నాడు నిత్యానందం గారు. నర్సింలు ఒక చెయ్యి జేబులో దోపుకుని, ఇంకో చేత్తో సిగ్నల్ ఇచ్చాడు. పాట లేదు కాబట్టి చెయ్యి తిన్నగానే తిరిగింది. నీలం గది వచ్చి గజేందర్ కాళ్ళ ముందు మెత్తగా దిగింది.

నిత్యానందం గారు హెల్మెట్ సర్దుకుని బయటికొచ్చాడు. ముందు నేలని తొక్కి చూశాడు. తర్వాత కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. ఆ తర్వాత గజేందర్ దగ్గరికొచ్చి ఎగాదిగా చూశాడు.

"షమాల్‌కి ఇంకొకర్ని పంపుతాను. అక్కడ మాట్లాడే మనుషులే తక్కువట, వినేవాడిని పంపి ఏం లాభం?"

"సార్..."

"మీ మామయ్య నంబరివ్వు. చర్చి సంగతి, మీ మల్లన్న గుడి సంగతి మేమిద్దరం మాట్లాడుకుంటాం. ఆయన కూడా బాగా మాట్లాడతాడా?"

"తెల్లారేదాక చెప్తడు సార్."

"అదొక సమస్య," అన్నాడు నిత్యానందం గారు ఆలోచిస్తూ. "సరే, వంతుల వారీగా పెట్టుకుంటాం."

శనివారం పొద్దున బస్సులో కొత్త రూలు వచ్చింది. పాట వినొచ్చు, కానీ చేతులు కట్టుకుని వినాలి. అది చూసుకోవడానికి నిత్యానందం గారే స్వయంగా బస్సెక్కి, కూతురి పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో ప్రసిత్, నర్సింలు, జగిత్యాల, నిజామాబాద్ అందరూ చేతులు కట్టుకుని, బడిలో పిల్లల్లా కదలకుండా కూర్చున్నారు. వెదురు బూర అందుకుంది. భుజాలు కొంచెం కదిలాయి గానీ, భుజాలకి రూలు లేదు.

పాడే ఆవిడ ఒకచోట ఆగింది. గజేందర్ అనాల్సిన చోటది. అతనేమో అద్దంలో జాయ్స్‌ని చూస్తున్నాడు, జాయ్స్ అద్దంలో అతన్ని చూస్తోంది. ఇద్దరికీ పాట ఆగిన సంగతే తెలియలేదు.

"ఆఁ," అన్నాడు ముందు సీట్లోంచి నిత్యానందం గారు, చేతులు కట్టుకునే. "గట్లనా?"

ఆవిడ తర్వాతి చరణం అందుకుంది.